ఇంటికి ముందు నేల

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పద్యమో, పాటయో, నాటకమో వినదలచి వచ్చిన మీ ముందు గృహవసతి సమస్యను గూర్చి ప్రసంగింపబూనుట కొంత వింతగా తోచవచ్చును. కాని ఈ సభయందు కూర్చున్న కుటుంబములలో ఈ ప్రశ్న తలయెత్తని కుటుంబము అరుదు. జాబితాలో పేరు పైకి వచ్చువరకు అద్దె యిల్లు తప్పదు. క్వార్టరు దొరికినను అది ఉద్యోగమును అంటిపెట్టుకొని యుండునే గాని మనిషిని అంటిపెట్టుకొని యుండదు. బదిలీ ఉత్తరువు వచ్చినచో సామాను కట్టవలెను. పదవీ విరమణ చేసిన కొలది మాసములకే తాళపుచెవి అప్పగింపవలెను. ముప్పది యేండ్లు ఒకే నగరమున పనిచేసి, పిల్లల నచ్చటనే చదివించి, తుదకు ఆ నగరమున తలదాచుకొన చోటు లేక వెడలిపోయినవారు మనకందరకును తెలిసినవారే. ఇక క్వార్టరు అను ఆశయైనను లేని కూలివానిని, నాలుగిండ్లలో పాచిపని చేసికొని బ్రదుకు స్త్రీని తలచుకొన్నచో మన కష్టము చిన్నదే యగును.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఆ సామెతలో కట్టుటయే కష్టముగా కనబడుచున్నది. పల్లెలో నివేశన స్థలము తరచుగా తాతల నాటిది. ఖర్చంతయు కలప, సున్నము, పెంకు, కూలి. నగరమున ఈ లెక్క తలక్రిందులైనది. ఇటుక ధర, సిమెంటు ధర, తాపీవాని కూలి ఊరి నడుమ నైనను ఊరి చివర నైనను దాదాపు ఒక్కటియే. మారునది నేల ధర. రోడ్డు పడిన పెరుగును. బడి వెలసిన పెరుగును. రైలు వచ్చునను వదంతి పుట్టినను పెరుగును. కావున అల్పాదాయము గలవారికి ఇండ్లు సమకూర్పదలచిన నగర సమితి మొట్టమొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఒక్కటియే: నేల ఎవరి చేతిలో నున్నది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మటనే ఇటుకల లెక్క. ఈ నాటి నా ప్రసంగమున నేను చెప్పదలచిన దంతయు ఈ ఒక్క మాటకు వివరణమే.

నగరమును బాగుచేయుటకు ఒక సమితిని నియమించుట మనకు క్రొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై జలాశయముల నిర్మాణము ఆలోచింపబడినది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడినది. ఇరుకు బస్తీలను తొలగించుట, రోడ్లు వెడల్పు చేయుట, క్రొత్త ఇండ్లు కట్టి అద్దె కిచ్చుట ఆ బోర్డు చేపట్టిన పనులు. అంతకు ముందే బొంబాయిలో 1896 నాటి ప్లేగు భయముతో 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వెలసినది. ఈ ట్రస్టు తొలినాళ్లలో కూలద్రోసిన ఇండ్ల సంఖ్య కట్టిన ఇండ్ల సంఖ్యను మించిపోయినది. తొలగింపబడినవారు ప్రక్క పేటలలోనే ఇంకను ఇరుకుగా సర్దుకొనిరి. "అభివృద్ధి" అను మాట పేదవాని చెవికి "ఖాళీ చేయుము" అని వినబడుట అప్పటి నుండియే మొదలైనది. పిదప 1920 ప్రాంతమున బొంబాయి ప్రభుత్వ అభివృద్ధి శాఖ వర్లీ, నాయిగాం మున్నగు చోట్ల 207 చాళ్లను కట్టించినది. కుటుంబమునకు ఒక్క గది. మరుగుదొడ్డి అందరకును ఉమ్మడి.

సరిగా ఆ దశకముననే ఐరోపాఖండమున వియన్నా నగరము కూడ కార్మికులకు ఇండ్లు కట్టుటకు పూనుకొన్నది. సమస్య ఒక్కటియే, మార్గము వేరు. నూరేండ్లు గడచిన పిమ్మట కూడ ఆ మార్గము నిలిచి పనిచేయుచున్నది. కావుననే దానిని ఉదాహరణముగా గ్రహించినాను.

మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వము వియన్నా జనసంఖ్య ఇరువది లక్షలను దాటినది. పేదల వసతి దయనీయము. అంతస్తున కంతకు నడవలో ఒక కొళాయి, అచ్చటనే ఉమ్మడి మరుగుదొడ్డి. అద్దె భరింపలేని కుటుంబములు తమ గదిలో ఒక మంచమును అన్యులకు బాడుగ కిచ్చెడివి. పగలు నిద్రించువాడొకడు, రాత్రి నిద్రించువాడొకడు. 1917లో యుద్ధకాల శాసనము అద్దెలను పెరుగకుండ కట్టడి చేసినది. యుద్ధానంతరము నాణెము విలువ పడిపోగా ఆ అద్దెలు నామమాత్రమైనవి. ఇల్లు కట్టి అద్దె కిచ్చుటలో లాభము లేకపోయినందున సొంతదారులు కట్టుట మానిరి. నేల ధర దిగినది. 1919లో ఎన్నికైన నగరసభ ఈ అదను గ్రహించి నేలను కొన నారంభించినది. ధర తక్కువగా నున్నపుడు కొని పెట్టుకొనుట సామాన్య గృహిణికి తెలిసిన సూత్రము. పాలకులు దానిని పాటించుట అరుదు.

1922 జనవరి 1 నుండి వియన్నా ప్రత్యేక రాష్ట్రమైనది. తన పన్నులు తానే విధించుకొను అధికారము లభించినది. 1923లో ఆర్థిక వ్యవహారముల బాధ్యత వహించిన హ్యూగో బ్రైట్నర్ గృహనిర్మాణపు పన్నును ప్రవేశపెట్టెను. చిన్న యింటికి స్వల్పము, పెద్ద భవనమునకు హెచ్చు. అత్యంత ఖరీదైన నూటికి అర వంతు ఇండ్లే ఆ పన్నులో సుమారు 45 శాతమును చెల్లించినవి. ఈ పన్నునకు నగర సాధారణాదాయమును కలిపి, అప్పు చేయకయే కట్టుట సాగించిరి. అప్పు లేదు గనుక వడ్డీ లేదు. వడ్డీ లేదు గనుక అద్దెలో దానిని రాబట్టవలసిన పని లేదు. మరమ్మతులకు, నిర్వహణకు సరిపోవు అద్దె మాత్రము వసూలు చేసిరి. అది కార్మికుని వేతనములో కొలది భాగము మాత్రమే.

1923లో ఐదేండ్లలో 25,000 ఇండ్లు కట్టుటకు తీర్మానించి గడువునకు ముందే ముగించిరి. 1934 నాటికి అరువది వేలకు పైగా ఇండ్లు లేచినవి. నగర జనములో సుమారు పదవవంతు వానిలో నివసించిరి. మొదట కట్టిన ఇండ్లు చిన్నవే. 38, 48 చదరపు మీటర్ల వైశాల్యము గలవి. అయినను ప్రతి యింటిలోపలనే నీళ్ల కొళాయి, మరుగుదొడ్డి ఉన్నవి. స్థలమున సగమునకు మించి కట్టక, మిగిలినది చెట్లకు, పిల్లల ఆటలకు విడిచిరి. 1930లో ప్రారంభింపబడిన కార్ల్ మార్క్స్ హోఫ్ అను సముదాయము కిలోమీటరుకు పైగా పొడవు గలది. అందు 1,382 ఇండ్లు, చాకిరేవు గదులు, స్నానశాలలు, శిశువిద్యాలయములు, గ్రంథాలయము నెలకొన్నవి. ఎవరికి ముందుగా ఇల్లు ఈయవలెనో నిర్ణయించుటకు అవసరమును బట్టి మార్కులు వేయు పద్ధతి పెట్టిరి. క్షయరోగి యున్న యిల్లు, అన్యుల యింట తలదాచుకొన్న కుటుంబము, యుద్ధమున అంగహీనుడైనవాడు, వీరి కందరకును లెక్క ప్రకారము మార్కులు. సిఫారసు ఉత్తరమునకు మార్కులు లేవు.

1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధము చెలరేగి ఆ భవనములపైననే ఫిరంగులు ప్రేల్చిరి. ఆ నగరసభను రద్దుచేసిరి. కాని నేలయు ఇండ్లును నగరము చేతనే నిలిచినవి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము పని తిరిగి మొదలైనపుడు, మొదటి నుండి కాక, నిలిచిన చోటి నుండి మొదలు పెట్టగలిగిరి. ఉద్దేశము మారవచ్చును, పాలకులు మారవచ్చును. సంపాదించి యుంచిన నేల మాత్రము మాట తప్పలేదు.

ఇపుడు నేటి సమితి పనిచేయు తీరును కొంచెము వివరింతును. మనలో అనేకులు సమితులకు గుమాస్తాలుగా, కార్యదర్శులుగా, సభ్యులుగా పనిచేయువారే గనుక ఈ వివరము మీకు విసుగు కలిగింపదని నమ్ముచున్నాను.

1984లో నగరము నేలల సేకరణకును, పాత ఇండ్ల పునరుద్ధరణకును ఒక ప్రత్యేక నిధిని స్థాపించినది. ఈ నిధి చేయు మొదటి పని కొనుట. నేడు పొలముగానో, మూతపడిన రైల్వే యార్డుగానో, పాత కర్మాగారముగానో ఉన్న స్థలమును ముందుగానే కొని యుంచును. రెండవ పని 1995 నుండి జరుగుచున్నది. పెద్ద స్థలము సిద్ధమైనపుడు నిర్మాణసంస్థలకు బహిరంగముగా పోటీ ప్రకటింతురు. ఇచ్చట గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. వేలములో నేలకు ధర పాడుదురు. ఎక్కువ పాడినవానికి నేల, ఆ ఎక్కువ తుదకు అద్దెదారుని నెత్తిపై. వియన్నాలో నేల ధర ముందే నిర్ణయించి ప్రకటింతురు. ఆ ధర అందరకును ఒక్కటే. కావున పోటీ అంతయు ఇంటి నాణ్యమునకు, నివాసి చెల్లింపవలసిన అద్దెకు సంబంధించినదిగా మారును.

పథకములను పరిశీలించుటకు ఒక నిర్ణాయక సంఘము కూర్చుండును. అందు వాస్తుశిల్పులు, నిర్మాణ వ్యయము లెక్కింపగలవారు, పర్యావరణ నిపుణులు, న్యాయశాస్త్రజ్ఞులు, నగరపు ప్రతినిధులు ఉందురు. వారు చూచునవి నాలుగు విషయములు: ఖర్చు, అద్దె; కట్టడపు రూపము, వసతి; ఇంధనము, నీరు, పచ్చదనము; ఇరుగుపొరుగు జీవనము. ఈ నాల్గవది 2009లో చేర్చినారు. ముసలివారికి, ఒంటరి తల్లికి, చిన్న పిల్లలకు ఆ కట్టడము ఎట్లు ఉపకరించునో అడుగుట దాని తాత్పర్యము. నాలుగింటికిని సమాన ప్రాధాన్యము. చిన్న స్థలములపై కట్టదలచిన పథకములు పోటీకి పోక వేరొక సలహా సంఘము ముందుకు వచ్చును. అచ్చట కూడ కొలబద్ద ఈ నాలుగే.

కట్టువారిలో హెచ్చుమంది లాభమునకు చట్టము చేత హద్దు పెట్టబడిన సంస్థలు. 1979 నాటి శాసనము ప్రకారము వారు ఇంటికైన ఖర్చును బట్టియే అద్దె నిర్ణయింపవలెను. మిగులును మరల ఇండ్లపైననే వ్యయపరుపవలెను. చేరునపుడు అద్దెదారు కొంత మొత్తము చెల్లించును. ఇల్లు విడుచునపుడు ఏడాదికి ఒక శాతము చొప్పున తగ్గించి తక్కినది తిరిగి యిత్తురు.

ఈ విధముగా నగరము స్వయముగా పాలించు ఇండ్లు నేడు సుమారు 2 లక్షల 20 వేలు. లాభపరిమితి సంస్థల ఇండ్లు మరి రెండు లక్షల వరకు. నగర ప్రజలలో దాదాపు సగము మంది ఇట్టి ఇండ్లలో నివసించుచున్నారు. ఆదాయపు హద్దును ఉదారముగా పెట్టుటచే గుమాస్తాయు, ఉపాధ్యాయుడును, బస్సు నడుపువాడును ఒకే మెట్లపై ఎదురుపడుదురు. ఆ యింటి చిరునామా చెప్పుకొనుటకు ఎవరును సిగ్గుపడరు. పేదలకు మాత్రమే అని విడదీసి ఊరి చివర కట్టిన పేటలకు బస్సు ఆలస్యముగా వచ్చును, దీపము ఆలస్యముగా వెలుగును. మధ్యతరగతివాడు కూడ అచ్చటనే యున్నపుడు దీపము వెలుగని నాడు అర్జీ వ్రాయువాడు ఉండును.

ఈ పద్ధతికి లోపములు లేవని చెప్పుట న్యాయము గాదు. 2004లో ఒక కట్టడము ముగిసిన పిదప నగరము స్వయముగా కట్టుట మానివేసినది. లాభపరిమితి సంస్థలే చాలునని తలచిరి. నేల ధరలు పెరిగి, జనము పెరిగి, మరల 2019లో నగరము క్రొత్త సొంత కట్టడమును పూర్తిచేయవలసి వచ్చినది. అదే యేడు అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము, నివాసములకై క్రొత్తగా కేటాయించు పెద్ద స్థలములలో మూడింట రెండు వంతుల వైశాల్యము సహాయపు ఇండ్లకు ఉండవలెను. ఆ భాగమునకు నేల ధర కట్టబోవు వైశాల్యమున చదరపు మీటరుకు 188 యూరోలను మించరాదని నాడు నిర్ణయించిరి. అనగా, సొంతముగా కొనలేని నేలకు కూడ ధర పెరుగకముందే కంచె వేసిరి.

రెండవ లోపము మనకు మరింత చేరువైనది. నగరమున కనీసము రెండేండ్లు నివాసమున్నవారికే ఇట్టి యిల్లు అను నియమము అచ్చట చిరకాలము ఉండినది. ఐరోపా కూటమికి వెలుపలి దేశస్థులకు నగరపు సొంత ఇండ్ల తలుపులు 2006 వరకు తెరుచుకొనలేదు. నిన్న వచ్చినవాడు, కార్యము మీద వచ్చినవాడు, బదిలీపై వచ్చినవాడు ఎంత అవసరములో నున్నను బయటి బజారు అద్దెకే పోవలెను. ఊరు మారుట వృత్తిధర్మమైన మనవంటివారికి ఈ లోపము సులభముగా అర్థమగును. ఇంత మంచి పద్ధతి కూడ "ఇచ్చటివాడు ఎవడు?" అను ప్రశ్న దగ్గర తడబడినది. మంచి సమితి తన జాబితాలో ఉన్నవారినే గాక, జాబితాలో చేరుటకే అర్హత దొరకనివారిని కూడ లెక్కింపవలెను.

ఇక మనము నివసించు ఢిల్లీ నగరము సంగతి. ఇచ్చట నేలను ముందుగా చేజిక్కించుకొనవలెనను బుద్ధి కలుగలేదని అనుట పొరపాటు. 1937లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు, 1957లో ఢిల్లీ అభివృద్ధి అధికార సంస్థ ఏర్పడినవి. 1959లో 34,070 ఎకరముల సేకరణకు ప్రకటన వెలువడినది. 1961లో ఆ నేలను అభివృద్ధి చేసి పంచు పథకము మొదలైనది. ఇంత విస్తారమైన నేలను ప్రభుత్వము చేతిలోనికి తెచ్చుకొన్న ప్రజాస్వామ్య నగరములు లోకమున బహు కొలది. కావున మొదటి మెట్టు మనము ఎక్కితిమి. రెండవ మెట్టు దగ్గర నిలిచిపోతిమి. స్థిరమైన ధరకు కొందరికి ఇచ్చినను, సామాన్య సూత్రముగా వేలమునే గ్రహించిరి. 1979 నాటి ఇండ్ల పథకమున సుమారు లక్షా డెబ్బది వేలమంది పేర్లు నమోదు చేసికొనిరి. వారిలో వేలమంది ఇరువదేండ్లకు పైగా ఎదురుచూచిరి. 1981 నాటి రోహిణీ స్థలముల పథకమున ముప్పదేండ్లు దాటినను స్థలము చేతికందనివారు వేలమంది. డబ్బు కట్టిన రసీదు కాగితము తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చినది; స్థలము రాలేదు.

ఈ రెండు నగరములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినపుడు నాకు తోచినవి మూడు. నేలను సేకరించుట ఎంత ముఖ్యమో, దానిని ఏ నియమముపై విడుదల చేయుదుమో అంతే ముఖ్యము. వేలము ఖజానాకు మేలు చేయును. స్థిరధర, నాణ్యపు పోటీ నివాసికి మేలు చేయును. రెండవది, ఇల్లు ఒక్కసారి అమ్మివేసిన పిదప దాని ధరపై సమితికి అధికారము లేదు. అద్దెకు ఇచ్చిన ఇల్లు మూడు తరములకు ఉపకరించును. మన దేశమున సొంత యింటి మోజు సహజమే. దానిని నిందింపను. కాని ఒక తరమువారికి చవుకగా ఇచ్చిన ఇల్లు రెండవ తరమున బజారు సరకగుట మన కన్నులారా చూచుచున్నాము. మూడవది, పని ఆగకుండుట. వియన్నా ఘనత ఒక మహాభవనములో లేదు. ప్రతియేడు కొంత కొనుట, కొంత కట్టుట, కొంత బాగుచేయుట అను అలవాటులో నున్నది.

ఆ నగరమునకును మన నగరములకును సామ్యము పూర్తిగా కుదరదు. అచ్చటి ఉద్యోగి వేతనము నుండి అర శాతము, యజమాని నుండి అర శాతము గృహనిర్మాణమునకై జమయగును. మనవద్ద వేతనపు చీటీయే లేనివారు కోట్లాదిగా నున్నారు. కావున అచ్చటి ఏర్పాటును ఉన్నదున్నట్లు ఎత్తి తెచ్చి నాటవలెనని నా అభిప్రాయము కాదు. నేలను ముందుగా పట్టుకొనుట, నియమములను బహిరంగముగా ఉంచుట, అవసరమును బట్టి వరుస నిర్ణయించుట మాత్రము ఏ దేశపు సొత్తును కావు.

కడపట ఒక్క మాట. మనలో కొందరు భూసేకరణ శాఖలలో, కొందరు లెక్కల శాఖలలో, కొందరు కేటాయింపు శాఖలలో పనిచేయుచున్నారు. సమితి తీర్మానము అచ్చైన పిదప అది ఇల్లగుటకు నడుమ ఎన్ని బల్లలు దాటవలెనో మనకు తెలిసినంత మరెవరికిని తెలియదు. ఒక కాగితము బల్లమీద ఆరు మాసములు నిద్రించిన, ఆ ఆరు మాసములును ఎవరో ఒక కుటుంబము ఇరుకు గదిలో అద్దె కట్టును. వరుస తప్పించి ఒక పేరు పైకి జరిపిన, క్రిందికి జరిగిన పేరు గలవాడు మన గది వాకిట నిలిచి అడుగడు; అతనికి సంగతియే తెలియదు. వియన్నా నిర్ణాయక సంఘములో కూర్చున్నవారు కూడ మనవంటి ఉద్యోగులు, నిపుణులే. వారు సాధించినది మనకు అసాధ్యమని నేను నమ్మను.